ఖాళీ నేల

మైరా ఇంకో కర్ర పీకింది.

ఎర్ర రిబ్బను కట్టిన గుర్తుకర్ర. నాచులోకి బాగా దిగి ఉంది. రెండు చేతులా పట్టి ఊపితే గానీ రాలేదు.

"చాలు, పట్రా! టీ కాగాలి!" అన్నాడు ఏబెల్. వీపున మూట దించి అప్పటికే పొయ్యి రాజేశాడు.

మొగుడూ పెళ్ళాం ఇద్దరూ గ్విచిన్‌లే, ఆ ఉత్తరాది మంచుకొండల ఆదివాసులే. పట్నంలో పెరిగారు. గుడారం మోసుకుంటూ, కొండలూ ఏళ్ళూ దాటుకుంటూ తాతల ఊరికి నడిచి పోతున్నారు.

సరదాకి కాదు. ఈ కొండల్లో రోడ్డు వేస్తానంటోంది కంపెనీ. మనిషి జాడ లేని ఖాళీ నేలట! అడుగు పెట్టినవాడే లేడట! ఊళ్ళో విచారణ జరగబోతోంది. అక్కడ లేచి నిలబడి, "ఇదిగో, మేం నడిచే వచ్చాం" అని చెప్పాలని పంతం.

దారిలో కంపెనీ కర్రలు వరసగా దొరికాయి. దొరికింది దొరికినట్టు పీకి పొయ్యిలో పెడుతున్నారు.

"ఎవరు పీకారివి?"

తిరిగి చూశారు. ఓ ముసలాయన. ముఖం చూస్తే గ్విచిన్ ముఖమే. ఒంటి మీద మాత్రం ఎర్రటి చలికోటు. రొమ్ము మీద పెద్ద అక్షరాలతో కంపెనీ పేరు.

"నేనే పీకాను. ఏం చేస్తావ్?" అంది మైరా.

"అమ్మాయ్, ఇవి ఎవరివనుకుని..."

"ఎవరివో నీ కోటు మీదే రాసుందిగా!"

ఏబెల్ పకపకా నవ్వాడు.

ముసలాయన తన రొమ్ము వంక చూసుకున్నాడు. ఏదో చెప్పబోయాడు.

"ఎంతకి అమ్ముడుపోయావ్ పెద్దాయనా? కోటొక్కటేనా, లోపలి బనీను కూడా ఇచ్చారా?"

ఆయన జేబులోంచి ఎండుమాంసం తీసి చెయ్యి చాపాడు. ఆ కొండల్లో ఎదురుపడ్డవాళ్ళు తిండి పంచుకోవాలి. పగవాడిచ్చినా కాదనకూడదు.

"కంపెనీ తిండి మాకొద్దు," అంది మైరా.

"కారిబూ దుప్పి మాంసం. నేను వేటాడిందే."

"నీ చేత్తో ఇస్తున్నావుగా. అందుకే వద్దు."

చాపిన చెయ్యి కాసేపు అలాగే ఉంది.

"ఇక్కడ తిండి వద్దన్నవాళ్ళని ఇవాళే చూశాను," అన్నాడు. తర్వాత పొయ్యి వంక చూశాడు. "రిబ్బన్లు అన్నీ కాల్చేశారా?"

"ఒక్కటీ మిగల్చలేదు!"

ఆయన నడుముకున్న చేగొడ్డలి తీసి ఏటి ఒడ్డున పొదల్లోంచి కొత్త కర్రలు కొట్టసాగాడు.

"పాతుకో! తిరిగొచ్చేటప్పుడు అవీ పీకుతాం!" అని అరిచింది మైరా.

"పీకు తల్లీ, నీ ఓపిక. పాతడం మాత్రం నేను మానను!"

ఆ సాయంత్రమే మంచు మొదలైంది. గుడారం చలికి బిర్రబిగిసింది. "ముసలాడు ఒంటరిగా..." అని ఏబెల్ గొణిగాడు. "కంపెనీ కోటుందిగా, వెచ్చగానే ఉంటాడు," అంది మైరా.

ఊరి హాల్లో విచారణ. మైరా బురద బూట్లతోనే లేచింది.

"ఖాళీ నేలన్నారుగా! మేం ఆ చివర్నించి ఈ చివరకి నడిచాం. మీ కర్రలు పీకి, రిబ్బన్లతో సహా కాల్చి టీ పెట్టుకున్నాం. కేసు పెట్టుకోండి!"

హాలంతా చప్పట్లు. ఊరికి పెద్దదిక్కు డోర్కస్ అవ్వ ఒక్కతే కొట్టలేదు.

"రిబ్బన్లు ఏ రంగువే?"

"ఎర్రవి."

"కంపెనీవి నీలం రంగువి. ఎర్రవి మనవి."

చప్పట్లు ఆగిపోయాయి.

"అది మన తాతల కంచె," అంది అవ్వ. "కారిబూ మందల్ని తోలి పట్టిన కంచె. గుంజలు పుచ్చి నాచులో కలిసిపోయాయి. విచారణ అధికారి విమానంలోంచి చూస్తే కనబడాలని ఒక్కో గుంజ పక్కన ఒక్కో కర్ర పాతించాం."

"పాపం, కాలిపోయాయిగా," అన్నాడు కంపెనీ లాయరు. "ఇంక విమానం దేనికి? దండగ!"

మైరా గుమ్మానికి అడ్డంగా కూర్చుంది.

"కాల్చింది నేను. కంచె నేను చూపిస్తాను. నాచు గోళ్ళతో గీకైనా గుంజలు చూపిస్తాను. విమానం ఎక్కుతామని ఒప్పుకునేదాకా ఇక్కణ్ణుంచి ఒక్కడూ బయటికి పోడు!"

విచారణ అధికారి తల గోక్కున్నాడు. "సరే, పదండి," అన్నాడు.

విమానం ఎక్కబోతూ మైరా అవ్వ చెవిలో అడిగింది. "మరి ఆ కోటు?"

"అదా? కంపెనీవాళ్ళు క్యాంపు ఎత్తేస్తూ చెత్తలో పడేసింది. ఆ కర్రలు పాతిన మా టైటస్‌కి ఇంకో కోటు లేదు."

కింద నేలంతా తెలుపు. ఒక్క గుర్తూ లేదు. లాయరు ఈల వేస్తున్నాడు.

అంతలో కనబడ్డాయి. ఎర్ర చుక్కలు. రెండు వరసలు. చాచిన రెండు చేతుల్లా కొండ మీద మొదలై, పోనుపోను దగ్గరై, లోయలో ఒక్కచోట కలుస్తున్నాయి.

ఈల ఆగిపోయింది.

"ఇది మనుషులు కట్టిందే," అన్నాడు అధికారి. "ఖాళీ నేల అన్న మాట కొట్టెయ్యండి."

"రిబ్బన్లు మనం కాల్చేశాంగా, ఇవెక్కడివి?" అన్నాడు ఏబెల్.

విమానం ఏటి ఒడ్డున దిగీ దిగగానే మైరా ఎర్ర వరస పట్టుకుని పరుగెత్తింది.

వరసలు కలిసే చోట టైటస్ చివరి కర్రకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో చేగొడ్డలి. భుజాల మీద మంచు. ముట్టుకుంటే రాయిలా ఉన్నాడు.

ఒంటి మీద చొక్కా ఒక్కటే ఉంది. తల పైన కర్రకు ముడేసిన ఎర్ర కోటుగుడ్డ పీలిక గాలికి కొట్టుకుంటోంది, దాని మీద కంపెనీ పేరు నిలువునా చిరిగి ఉంది.