చక్కెర పంజరం

"కాస్త ఆ కాళ్లు ఊపడం ఆపుతారా?" అంది ఆమె విసుగ్గా.

పక్క కుర్చీలోని పెద్దాయన ఆపాడు. "ఏమనుకోకమ్మా. ఊరికే కూర్చుంటే వాటంతటవే ఊగుతాయి."

ఆపరేషన్ గది తలుపు పైన ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. లోపల ఆమె తమ్ముడు. గొంతులో గడ్డ. అమ్మ పోయాక ఆమె చేతుల మీదే పెరిగినవాడు. చిన్న ఆపరేషనే, భయపడక్కర్లేదన్నాడు డాక్టరు. డాక్టరు ఆ మాట అన్నాకే అసలు భయం మొదలవుతుంది ఎవరికైనా.

"లోపల మీవాళ్లా?" అన్నాడు పెద్దాయన.

"తమ్ముడు."

"మా వంతు మీ తర్వాతే."

ఆమె మళ్లీ ఎర్రదీపం వైపు తిరిగింది. ఆయన ఊరుకునే రకం కాదు.

"ఏం చేస్తుంటావమ్మా?"

"కాలేజీలో కెమిస్ట్రీ చెప్తాను. పంజరాల మీద పరిశోధన."

"పంజరాలా? చిలకలవా?"

"అణువులవి." మాట్లాడుతుంటే గుండెదడ కాస్త తగ్గినట్టుంది. అందుకే చెప్పింది. "చక్కెర అణువుల్ని గుండ్రంగా కూరిస్తే అడుగులేని గిన్నెలా తయారవుతుంది. దాని లోపలి వైపు నీళ్లు గిట్టవు. నీళ్లు గిట్టని ఇంకో చిన్న అణువు, సరిగ్గా ఆ కొలతకి సరిపోయేది ఎదురైతే, అందులో దూరి కూర్చుంటుంది. ఇక కదలదు."

"తాళం ఎవరేస్తారు?"

"తాళం లేదు, తలుపూ లేదు. లోపలే సుఖంగా ఉంటుంది కాబట్టి పోదు."

"అయితే మా బావమరిదే! చూసి పోదామని వచ్చి ఏడాది ఉన్నాడు."

ఆమెకి నవ్వు రాబోయి ఆగింది.

"దానివల్ల మనుషులకేం లాభం?"

"మత్తిచ్చేటప్పుడు కండరాల్ని పడుకోబెట్టే మందు ఒకటి ఇస్తారు. దాంతో ఊపిరీ ఆగిపోతుంది. మిషనే గాలి కొడుతుంది. ఈ పంజరాన్ని రక్తంలోకి వదిలితే, తిరుగుతున్న ఆ మందుని పట్టి లోపల కూర్చోబెట్టుకుంటుంది. మనిషి మళ్లీ ఊపిరి తీసుకుంటాడు."

"అంత పని చేస్తుందా!" అని పెద్దాయన తలుపు వైపు చూస్తూ ఉండిపోయాడు.

అంతలో తలుపు దభాలున తెరుచుకుంది. నర్సు పరుగులాంటి నడకతో వచ్చింది.

ఆమె చటుక్కున లేచింది. "సిస్టర్, మా తమ్ముడు..."

నర్సు ఆమెని దాటిపోయి, పెద్దాయన చెవి దగ్గర వంగింది. ఏదో అడిగింది. ఆయన ఏదో అన్నాడు. నర్సు అంతే వేగంగా లోపలికి వెళ్లిపోయింది.

ఆమెకి ఒళ్లు మండింది.

"ఏంటండీ మీ పలుకుబడి? మావాడు ఇంకా బల్ల మీదే ఉన్నాడు. అప్పుడే మీ పని ముందు కానిచ్చుకుంటున్నారా?"

"అది కాదమ్మా..."

"పెద్దవాళ్లు కదా అని మర్యాదిస్తే నెత్తికెక్కి కూర్చుంటారు!"

వరండాలో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగారు. ఎవరో వచ్చి పిలిస్తే, పెద్దాయన గోడ పట్టుకుని నెమ్మదిగా లేచి వాళ్ల వెంట వెళ్లాడు. పీడ విరగడైంది అనుకుంది ఆమె.

ఆ తర్వాత గడిచిన సమయం ఆమె పగవాళ్లకి కూడా వద్దు. ముక్కోటి దేవతలకీ మొక్కింది. నమ్మకం లేని దేవుళ్లకి కూడా.

మత్తు డాక్టరు బయటికి వచ్చాడు. మొహమంతా చెమట.

"గండం గడిచిందమ్మా. మత్తిచ్చాక గొంతు వాచిపోయింది. గొట్టం దిగలేదు, మిషన్ గాలీ పోలేదు. విరుగుడు ఎక్కించాకే సొంతంగా ఊపిరి తీసుకున్నాడు. గడ్డ సంగతి తర్వాత చూద్దాం."

"చక్కెర పంజరం..." అని, కుర్చీలో కూలబడి ఏడ్చేసింది ఆమె.

కళ్లు తుడుచుకున్నాక పెద్దాయన గుర్తొచ్చాడు. సిగ్గేసింది. ఆయన మనిషి కూడా లోపలికి వెళ్లాల్సినవాడే కదా, ఆయన భయం ఆయనది. నర్సు కనబడగానే ఎదురెళ్లింది.

"సిస్టర్, ఆ పెద్దాయన ఏరి? నోరు జారాను, క్షమించమని అడగాలి. వాళ్ల పేషెంటుని లోపలికి తీసుకెళ్లారా?"

"ఆయనే పేషెంటమ్మా. ఆపరేషన్ లేదని ఇంటికి పంపేశాం. బస్సెక్కేసి ఉంటారు."

"లేకపోవడమేంటి? వంతు మా తర్వాతే అన్నారే!"

నర్సు ఆమె చెయ్యి పట్టుకుంది.

"ఆయనకి కండరాల జబ్బు. ఆ విరుగుడు దగ్గర లేకుండా మత్తివ్వలేం. మా దగ్గర అది నిండుకుంది, మళ్లీ ఎప్పుడొస్తుందో తెలీదు. అన్నాళ్లు ఆగగలరా అని అడిగితే, 'నా సంగతి తర్వాత, ముందు లోపలున్న పిల్లాడికి ఊపిరాడనియ్యండి' అన్నారు. మీ తమ్ముడికి ఎక్కించింది ఆయన కోసం తెప్పించిన సీసానే."