చౌడప్ప కుదిర్చిన బేరం

“ఈ అంగడి వద్దులేమ్మా. పక్క వీధిలో ఇంకొకటుంది, ఆడికి పోదాం.”

చౌడప్ప ఆ మాట అనేసరికే కమలాంబ చెప్పులు విడిచి మెట్టెక్కింది. ప్రొద్దుటూరులో పెళ్లిచీరలంటే అశ్వత్థనారాయణ శెట్టి అంగడే. అట్లాంటి గడప దాకా వచ్చినాక వెనక్కి లాగుతాడేంది ఈ మనిషి అనుకుంది.

అణాలు పోయి నయాపైసలొచ్చిన కొత్త. చిన్నకూతురు వేదవతిని వెంటబెట్టుకుని పొద్దున బస్సుకు పులివెందుల నుంచి వచ్చింది. చీర ఈ పూటే తేలాలి. పెద్దకూతురి పెళ్లిలో చీర పీటల మీదే పిగిలింది. ఆ మాట వియ్యపురాలి నోట్లో ఇప్పటికీ నానుతూనే ఉంది. ఈసారి అట్లా కాకూడదని, పక్కింటివాళ్లు చెబితే చౌడప్పను పిలిపించుకుంది. జమ్మలమడుగు మనిషి. అతను బేరం కుదిరిస్తే కొన్నోళ్లూ ఏడవరు, అమ్మినోళ్లూ ఏడవరు. అబద్ధం ఆడడట. ఆ ‘అట’ దగ్గరే కమలాంబకు గుబులు.

కొత్తగా చేరిన గుమాస్తా గురుమూర్తి చీరలు పరిచాడు. వేదవతి చెయ్యి నేరుగా కుంకుమరంగు చీర మీద పడింది.

“ఆ ఆకుపచ్చది చూడు తల్లీ. నీ ఒంటికి శానా బాగుంటుంది,” అన్నాడు చౌడప్ప.

“నాకిదే కావాల.”

“పోనీ ఆ నెమలికంఠం రంగుది?”

దిండుకు ఆనుకుని కూర్చున్న శెట్టి నవ్వాడు. “ఏం చౌడప్పా, ఎర్రచీర కరుస్తాదా?”

చౌడప్ప తుండుగుడ్డతో మెడ తుడుచుకుని శెట్టి వైపు చూశాడు. శెట్టి చూపు తిప్పుకున్నాడు. ఆ చూపులు కమలాంబ కంట పడనే పడ్డాయి. ఇద్దరూ ఒకే తాను ముక్కలు. అమ్ముడుపోక మూలన పడిన ఆకుపచ్చను తమకు అంటగట్టాలని చూస్తున్నారు.

“చౌడప్పా, సూటిగా అడుగుతాండా. ఈ చీరలో ఏముంది?”



“అడక్కుంటే బాగుండేదమ్మా.”

“అడిగినాను కదా.”

అతను చీరను దగ్గరికి లాక్కున్నాడు. పూర్తిగా విప్పను కూడా లేదు. మడతల్లోకి చెయ్యి పోనిచ్చి ఒకచోట వేలు పెట్టాడు.

“ఈడ చూడండి. పడుగులో రెండు పోగులు తెగినాయి. అతకకుండానే నేసుకుంటా పోయినాడు, జానెడు మేర. కుచ్చిళ్లలో పోతుంది కాబట్టి కంటికి ఆనదు. నాలుగు ఉతుకులు పడితే ఈడే పిగులుతుంది.”

కమలాంబకు ఒళ్లు మండింది. మడత విప్పకుండానే వేలు అక్కడికెట్లా పోయింది? అంటే ఈ తప్పు ఇతనికి ముందే తెలుసు.

“తెలిసీ నోరు మూసుకున్నావా?”

“పక్కదోవ పట్టిద్దామనుకున్యా. మీరు పట్టకపోతిరి.”

శెట్టి లేచి వచ్చి ఆ చోటును వెలుతురుకు పట్టి చూశాడు. మొగంలో నవ్వు పోయింది.

“చౌడప్పా, బాగా ఆలోచించుకోనే మాట్లాడతాండావా?”

“పోగు తెగినాక ఆలోచించేదేముంది శెట్టీ.”

“తప్పు నేతకు కూలీ కోస్తానని నీకు తెలుసు.”

“కొయ్యాల్సిందే.”

“నేసినోనికి ఇంట్లో ఏం తిప్పలుండాయో ఏమో.”

“ఉంటే ఉండనీ. ఆ తిప్పలు ఈ పాప పెళ్లిచీరలోకి రాకూడదు.”

కమలాంబకే మనసు కరిగింది. “పోనీలే శెట్టిగారూ, ఎవరో పేదవాడు. కూలీ కొయ్యొద్దు.”

“మీరు అడ్డం రావద్దమ్మా,” అన్నాడు చౌడప్ప కాస్త గట్టిగానే. “ఈరోజు కొయ్యకపోతే రేపు ఇంకో తప్పు నేస్తాడు.”

ఎంత రాతిగుండె అనుకుంది కమలాంబ. వేదవతి మాత్రం చీర వదల్లేదు.

“సరే శెట్టీ,” అన్నాడు చౌడప్ప, “ఎదురంగడి మక్బూల్ చేత ఇప్పుడే తెగిన పోగులు కలిపి రఫూ చేయించి ఇయ్యి. ధరలో నాలుగో వంతు తగ్గించు.”

“సగానికియ్యమను,” అంది కమలాంబ, ధైర్యం వచ్చి.

“అది న్యాయం కాదమ్మా. తప్పు జానెడే. మిగతాదంతా వేలెత్తి చూపను లేకుండా నేసినాడు. ఆ చేతిని కూడా లెక్కలో పెట్టాల.”

“ఆ చేతికి పొగరు కూడా ఉండాది. దాన్నీ లెక్కలో పెట్టు,” అన్నాడు శెట్టి.

బేరం కుదిరింది. మక్బూల్ వచ్చి, కళ్లజోడు ముక్కు మీదికి దించుకుని, చీర ఒళ్లో వేసుకుని రఫూ చేశాడు. కమలాంబ ఆ చోటును గోటితో గీరి చూసింది, రెండు చేతులా లాగి చూసింది. ఎక్కడ తెగిందో ఆమెకే దొరకలేదు. పొద్దుటి గుబులు తీరింది. చౌడప్పను అనుమానించినందుకు సిగ్గేసి, కొంగుముడి విప్పి డబ్బులు అతని ముందుకు చాపింది.

“వద్దమ్మా.”

“ఇంతసేపు మా కోసం నోరు నొప్పి చేసుకుంటివి. తీసుకో.”

“వేరే బేరమైతే తీసుకుందును. ఈ బేరానికి వద్దు. బస్సుకు పొద్దుపోతాంది, నేను జట్కాను పిలుస్తా.”

తుండుగుడ్డ భుజాన వేసుకుని గబగబా మెట్లు దిగిపోయాడు. కూతురు చీరమూట చంకన పెట్టుకుంది. కమలాంబ గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటోంది. లోపల గురుమూర్తి గొంతు వినిపించింది.

“శెట్టిగారూ, కూలీ కోత ఎవురి పేరున రాసేది? ఈ చీర నేసిండేది ఎవురు?”

శెట్టి వీధిలోకి చూస్తూ నిదానంగా అన్నాడు.

“ఆడ జట్కాను పిలుస్తాండాడు చూడు, ఆయప్పే.”