వెలిజార్ ఇంజను

మొదటి దెబ్బ దవడ మీద పడింది. ఒబ్రెన్ వెనక్కి తూలి సిలిండర్లు తొలిచే బోరింగు మిషనుకు కొట్టుకున్నాడు. నోట్లో రక్తం ఉప్పగా తగిలింది.

ఎదురుగా ఉన్నవాడు నల్ల ఊలు టోపీని గడ్డం దాకా లాక్కున్నాడు. కళ్లు మాత్రమే కనిపిస్తున్నాయి. నోరు విప్పడం లేదు. పట్టపగలు, వర్క్‌షాపు తలుపులు బార్లా తీసి ఉన్నాయి. నంబరు పలక మీద బురద పూసిన వ్యాను ఒకటి గుమ్మానికి వీపు ఆనించి నిలబడి ఉంది.

వాడు వచ్చింది ఇంజను కోసం. బల్ల మీదున్న ఆ జాస్తవా కారు ఇంజను దిమ్మ వెలిజార్‌ది. ఆదివారం కొండ రేసు. పెద్ద పిస్టన్లు పట్టేలా సిలిండర్లు తొలవమని వెలిజార్ స్వయంగా తెచ్చి పెట్టాడు.

"ఈసారి కొండ మీద నా ముందు ఎవడూ ఉండకూడదు ఒబ్రెన్. ఉన్నాడో, నువ్వుండవు" అని నవ్వి వెళ్లాడు.

ఆ నవ్వు ఎలాంటిదో ఊరందరికీ తెలుసు. పోయిన ఏడాది రేసు మధ్యలో కారు ఆగిపోయిందని, మెకానిక్ చేతిని బానెట్ కింద పెట్టించి, తను ఎక్కి బానెట్ మీద కూర్చున్నాడు. ఆ మెకానిక్ ఇప్పుడు ఎడమచేత్తో సంతకం పెడుతున్నాడు.

రెండో దెబ్బ కడుపులో దిగింది. ఒబ్రెన్ మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఊపిరి అందగానే తలెత్తి అరిచాడు.

"ఇంతేనట్రా నీ బలం! మా అమ్మమ్మ పిండి పిసికినట్టుంది!"

వీధికి అవతల పెరట్లో స్తమెన్క ముసలమ్మ శీతాకాలం పచ్చడికి లావు ఎర్ర మిరపకాయలు పొయ్యి మీద కాలుస్తోంది. అరుపు విని తల తిప్పింది.

ముసుగువాడు ఒబ్రెన్ కాలరు పట్టి లేపాడు. చెవి దగ్గర నోరు పెట్టి ఏదో గొణిగాడు. ఒబ్రెన్ తల అడ్డంగా ఊపాడు.

"చచ్చినా ఒప్పుకోను! దమ్ముంటే ముఖం మీద కొట్టరా, పిరికి వెధవా!"

వాడు కొట్టాడు. కనుబొమ చిట్లింది. మళ్లీ కొట్టాడు. పన్ను ఊడి ఇనుప రజను మీద పడింది. ఒబ్రెన్ తూలుతూ లేచి వాడి గుండెల మీద గుద్దాడు. వాడు కింద పడి ఉన్న పెద్ద పానా అందుకున్నాడు. క్షణం సేపు దాన్ని చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"చూస్తావేంరా! వెలిజార్ పేరు వింటే చెయ్యి లేవడం లేదా?"

పానా గాలిలో తిరిగింది. పక్కటెముక విరిగిన చప్పుడు ఒబ్రెన్‌కు లోపలి నుంచి వినిపించింది.

"ఒరేయ్ దొంగ సచ్చినోడా! వదల్రా మనిషిని!"

స్తమెన్క పొయ్యిలో ఎర్రగా కాలిన పట్టకారుతో పరుగెత్తుకొచ్చింది. వచ్చీ రావడంతోనే వాడి భుజం మీద బలంగా వేసింది. చొక్కా కాలిన కంపు కొట్టింది. వాడు మూలిగాడే తప్ప ఆమె మీద చెయ్యి ఎత్తలేదు. ఇంజను దిమ్మను రెండు చేతులా వాటేసుకుని, రొప్పుతూ వ్యాను వైపు నడిచాడు. ఒబ్రెన్ పాకుతూ వెళ్లి వాడి కాలు పట్టుకున్నాడు. బూటు వచ్చి ముక్కు మీద దిగింది. అయినా వదల్లేదు. మరో తన్ను తన్నాకగానీ పట్టు సడలలేదు.

వ్యాను దుమ్ము రేపుకుంటూ వెళ్లిపోయింది.

సాయంత్రానికి వెలిజార్ వచ్చాడు. వర్క్‌షాపు వెనక గదిలో ఒబ్రెన్ మంచం మీద పడి ఉన్నాడు. కబురు అంది వచ్చిన బావమరిది తిహోమిర్ తడి తువ్వాలు చేతికి చుట్టుకుని అతని ముఖం తుడుస్తూ, కళ్ల నీళ్లు పెట్టుకుంటున్నాడు. స్తమెన్క కాళ్ల దగ్గర కూర్చుని ఉంది.

వెలిజార్ ఎవరినీ పలకరించలేదు. తిన్నగా వచ్చి, విరిగిన పక్కటెముక మీద బొటనవేలు పెట్టి నొక్కాడు.

"ఎవడికమ్మావురా నా ఇంజన్ని?"

ఒబ్రెన్ గావుకేక పెట్టాడు.

"నీ చెయ్యి పడిపోనూ!" స్తమెన్క లేచింది. "కళ్లు కనపడ్డం లేదూ నీకు? నేను చూశాగా! వాడు చావచితక్కొడుతుంటే ఈ పిచ్చోడు నీ ఇనప ముక్క కోసం వాడి కాలు వదల్లేదు. నేనెళ్లకపోతే ఈపాటికి శవం లేచేది!"

వెలిజార్ చెయ్యి తీశాడు. ఒబ్రెన్ ముఖంకేసి చాలాసేపు చూశాడు. మూసుకుపోయిన కన్ను, ఒరిగిపోయిన ముక్కు, పన్ను ఊడిన చోట నల్లటి గంటు. వెలిజార్ గొంతు ఎప్పుడూ లేనట్టు మెత్తబడింది.

"నా ఇంజను కోసం ఇన్ని దెబ్బలు తిన్నావా?"

కోటు జేబులోంచి రకియా సీసా తీసి, ఒబ్రెన్ తల ఎత్తి పట్టుకుని తన చేత్తో తాగించాడు. సారా గాయాల మీద మంటలా పారింది. ఒబ్రెన్ దగ్గాడు, ఏడ్చాడు.

"ఇంజను పోతే ఇంకోటొస్తుంది. ఆ దొంగ దొరికితే మాత్రం బతికుండగానే తోలు తీస్తా" అని వెలిజార్ లేచాడు. పోతూ పోతూ తిహోమిర్ వీపు తట్టాడు. "ఆడపిల్లలా ఏడవకురా. మీ బావ మగాడు!"

అతని కారు చప్పుడు వీధి మలుపు దాటింది. మిరపకాయలన్నీ మాడి బొగ్గయి ఉంటాయని గొణుక్కుంటూ స్తమెన్క కూడా వెళ్లిపోయింది.

తిహోమిర్ తలుపు గడియ పెట్టి, తువ్వాలు విప్పి, చిట్లిపోయిన తన పిడికిళ్లు చూసుకుంటూ, "సిలిండరు తొలుస్తూ నువ్వు పొరపాటున చిల్లు పొడిచిన ఇంజన్ని నది మధ్యలో పడేసొచ్చాను బావా, ఇంక అది వెలిజార్ కంటపడదు" అన్నాడు.