ఐదున్నరకి తలుపు దగ్గర

"అలవాటేనని రాసెయ్యండి డాక్టరుగారూ. మీకూ శ్రమ తప్పుతుంది."

"నేను డాక్టర్ని కాదమ్మా. మనుషులు ఏ పని ఎందుకు చేస్తారో కొలిచేవాణ్ణి. కొలవకుండా రాస్తే నన్ను ఇంటికి పంపిస్తారు."

ఆవిడ నవ్వలేదు. పదకొండేళ్ల పరిశోధనలో అతను ఇలాంటి భార్యని చూడలేదు.

ఆవిడ భర్త పక్క కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ప్రమాదంలో తలకి దెబ్బ తగిలి పద్నాలుగు నెలలైంది. మాట పడిపోయింది. చెప్పింది ఎంత అర్థమవుతుందో ఎవరికీ తెలియదు. రోజంతా ఎక్కడ కూర్చోబెడితే అక్కడే. సాయంత్రం ఐదున్నరకి మాత్రం, ఎవరూ పిలవకుండానే లేచి వెళ్లి, వీధి తలుపు తీసి గుమ్మంలో నిలబడతాడు. ఆవిడ ఉద్యోగం నుంచి వచ్చే వేళ అది. ఆవిడ మెట్లెక్కగానే చెయ్యి చాపుతాడు. ఆవిడ తన సంచి ఆ చేతికి తగిలిస్తుంది. ఆ తర్వాత కూడా చాలాసేపు తలుపు వెయ్యనివ్వడు.

ఇది కావాలని చేస్తున్నాడా, అలవాటు కొద్దీ చేస్తున్నాడా? అదే తేలాలి.

మిగతా భార్యలు అతని కాళ్లావేళ్లా పడేవారు. మా ఆయన నాకోసమే చేస్తున్నారని ఒక్క మాట చెప్పండి, చాలు అని. ఈవిడ దానికి తలకిందులు.

"అలవాటైతే మనసులో ఏమీ ఉండదు కదండీ? కాళ్లూ చేతులూ వాటి పాటికి అవి కదిలిపోవడమే కదా?"

"అంతే. గడియారం గంట కొట్టినట్టు."

"అయితే అదే అయ్యుంటుంది" అంది ఆశగా.

అతనికి విషయం అర్థమైనట్టే అనిపించింది. "ఏదైనా ఆశ్రమంలో చేర్పించే ఆలోచనలో ఉన్నారా?"

"మీరేమనుకుంటే అదే" అంది ఆవిడ.

బల్ల మీద రెండు మీటలు. పసుపుది నొక్కితే బిస్కట్టు ముక్క పడుతుంది, నీలంది నొక్కితే ఎండుద్రాక్ష. మూడు రోజులు ఆయన రెండూ నొక్కాడు, పడినవి తిన్నాడు. నాలుగో రోజు ముందుగా ఎండుద్రాక్ష మొహం మొత్తేదాకా పెట్టి, అప్పుడు మీటల ముందు కూర్చోబెడతారు. అలవాటు పడ్డ చెయ్యి అప్పుడు కూడా నీలం మీదికి పోతుంది. కోరిక ఉన్న చెయ్యి పోదు.

"ఇంకో వారం ఇలా నడిస్తే ద్రాక్షంటే నాకూ మొహం మొత్తుతుంది సార్" అంది గిన్నెలు నింపే ఆయా.

"నువ్వెందుకు తింటున్నావు?"

"అలవాటైపోయింది సార్."

మూడో రోజు సాయంత్రం అతనే వాళ్లింటికి వెళ్లాడు. ఆవిడ సెలవు పెట్టి, పొద్దుటి నుంచీ భర్త ఎదురుగానే కూర్చుంది. అలా ఉండమన్నది అతనే. కావలసిన మనిషి కళ్లముందే ఉంటే ఎదురుచూపులు దేనికి? లేవడు. అయినా లేచాడంటే అలవాటే.

ఐదున్నర అయింది. భర్త లేచాడు. ఆవిడ మోకాళ్లని రాసుకుంటూ వెళ్లి, తలుపు తీసి నిలబడ్డాడు.

"ఏవండీ, నేనిక్కడే ఉన్నాను."

ఆయన వెనక్కి తిరిగి ఆవిడని చూశాడు. బాగానే చూశాడు. మళ్లీ మెట్ల వైపు తిరిగాడు.

"అమ్మయ్య" అంది ఆవిడ.

ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. దారి పొడుగునా దాన్నే నెమరేసుకున్నాడు. అతని గది తలుపు దగ్గర అలవాటు కొద్దీ అయినా నిలబడేవాళ్లు లేరు. ఉన్న మనిషిని వదిలించుకోవడానికి ఇంత తొందర ఏమిటి?

నాలుగో రోజు లెక్క తేలింది. యాభై నొక్కుల్లో నలభై తొమ్మిది పసుపు మీట మీదే. మధ్యాహ్నం బిస్కట్లతో కడుపు నింపి చూశారు. చెయ్యి తడుముకోకుండా నీలం మీదికి మారింది.

అతను కాగితం ఆవిడ ముందు పెట్టాడు. "మీరు కోరుకున్నది రాలేదమ్మా. ఇది అలవాటుతో కదిలే చెయ్యి కాదు. ఈయన ఏం చేసినా, ఏదో ఒకటి కావాలనే చేస్తున్నారు."

"మరి నిన్న నేను ఎదురుగా ఉన్నా లేచారు కదండీ!"

"లేచారు." కొంచెం కసి అతని గొంతులోకి వచ్చేసింది. "అంటే రోజూ తలుపు దగ్గర నిలబడేది మీకోసం కాదు. ఇంకెవరికోసమో."

అసూయో కోపమో కనిపిస్తుందనుకున్నాడు. ఆవిడ కుర్చీలోంచి జారి నేల మీద కూర్చుండిపోయింది.

"అలవాటని రాయండి బాబూ. మీ కాళ్లు పట్టుకుంటాను. ఆయన మనసులో ఏమీ లేదని రాయండి. రోజూ ఆ కాగితం చూసుకుని బతుకుతాను."

"లేనిది ఎలా రాస్తానమ్మా? ఇంతకీ ఆ వేళకి మీ ఇంటికి వచ్చేదెవరు?"

ఆవిడ భర్త వైపు చూసి గొంతు తగ్గించింది.

"రోజూ నేను ఉద్యోగం నుంచి వస్తూ బడి నుంచి తీసుకొచ్చే మా పాప ప్రమాదం జరిగిన రోజు స్కూటర్ మీద ఆయన వెనకే కూర్చుంది, ఇక రాదని ఆయనకి ఇంతవరకూ మేమెవరం చెప్పలేదండీ."