ప్యాసింజర్ బాబాయ్

"ఆఖర్న వచ్చిందెవరు?"

కోచ్ భానుప్రకాష్ కేకకి గట్టు మీద కొంగలు లేచాయి.

పెర్సిస్ తల దించుకుంది. చెయ్యి ఎత్తబోయింది.

"నేనేనండీ," అన్నారు వెనక నుంచి ఎవరో.

తిరిగి చూసింది. యాభై దాటిన మనిషి. అరిగిన బూట్లు, వెలిసిన టీషర్టు. ఆమెకి ఐదడుగుల వెనక నిలబడి ఉన్నారు.

"పేరు?"

"వెంకట్రాజండీ."

"రూలు విన్నారుగా? ఆఖరివాళ్లకి ఇంకో రౌండు. అయినా పదిమంది ఆడపిల్లల బ్యాచ్‌లో మీకేం పనండీ?"

"షుగరండీ. డాక్టరుగారు పరిగెత్తమన్నారు. ఒక్కణ్నీ పరిగెడితే కుక్కలు వెంటపడుతున్నాయండీ."

అందరూ నవ్వారు. వెంకట్రాజు ఇంకో రౌండుకి బయల్దేరారు.

ఏలూరు నుంచి కొల్లేటి వైపు వెళ్లే దారిలో ఉంది ఆ చేపల చెరువు. గట్టు చుట్టుకొలత ఎనిమిది వందల మీటర్లు. రెండు రౌండ్లు తిరిగితే కానిస్టేబుల్ పరీక్షలో పరిగెత్తాల్సిన పదహారు వందలు. పదిన్నర నిమిషాల్లో పూర్తిచెయ్యాలి.

పెర్సిస్‌కి ఆరోజు పన్నెండు నిమిషాల నలభై సెకన్లు పట్టింది.

పోయినసారి ఆమెని ఇంటికి పంపింది పరుగే. వయసు లెక్కన ఇక మిగిలింది ఈ ఒక్కసారే. ఇదీ పోతే రొయ్యల షెడ్డులో తలలు తీసే పనిలోకి మళ్లీ వెళ్లాలి.

భానుప్రకాష్ యూనివర్సిటీ పోటీల్లో పతకాలు తెచ్చినవాడు. అతని దగ్గరైనా ఒడ్డున పడతానని తండ్రి నెల్సన్‌ని ఒప్పించి చేరింది.

మర్నాడూ ఆమె పదో స్థానమే. వెంకట్రాజు పదకొండు.

ఆ మర్నాడూ అంతే.

"ఏవండీ, నడుస్తున్నారా, పరిగెడుతున్నారా?" అని రోజూ భానుప్రకాష్ ఆయన మీద విరుచుకుపడేవాడు. ఆయన తల ఊపి ఇంకో రౌండుకి వెళ్లిపోయేవారు.

"ప్యాసింజర్ బాబాయ్," అని పేరు పెట్టింది పెర్సిస్. "అన్ని బళ్లకీ దారిచ్చి ఆఖర్న వచ్చేది అదే కదే."

స్నేహితురాలు కుసుమ ఆ పేరు ఆయన ముందే అనేసింది.

"బాగుందండీ," అన్నారాయన. "ఆలస్యమైనా స్టేషనుకి చేరుతుంది కదండీ."

నెల తిరిగేసరికి పెర్సిస్ పదకొండు నిమిషాల్లోకి వచ్చింది. మిగతావాళ్లూ పుంజుకున్నారు. ఆమెది పదో స్థానమే. వెనక ఆయన అడుగుల చప్పుడు. ఎప్పుడూ అడుగుల చప్పుడే. ఆయాసం వినబడేది కాదు.

ఒకరోజు వాన పడింది. గట్టు మీద జారి మోకాలు దోక్కుపోయింది. పెర్సిస్ బురదలోనే కూర్చుండిపోయింది.

"నావల్ల కాదు. మీరు వెళ్లిపోండి బాబాయ్‌గారూ."

ఆయన ఐదడుగుల వెనక ఆగి బూటు లేసు కట్టుకోవడం మొదలుపెట్టారు.

"నువ్వు లేవందే నేనెలా వెళ్తానమ్మా? ఆఖరు సీటు నాది. దాన్నీ లాక్కుంటావా?"

ఆమెకి నవ్వొచ్చింది. లేచి పరిగెత్తింది.

పరీక్ష రోజు వచ్చింది. ఏలూరు మైదానం. ఇక్కడ పదహారు వందలకి నాలుగు రౌండ్లు. ఈల మోగింది.

మొదటి రౌండు సగంలో ఆమె గుండె జారింది. వెనక ఆ అడుగుల చప్పుడు లేదు.

'నేనే ఆఖరా?'

తిరిగి చూసింది.

వెనక తొమ్మిదిమంది ఉన్నారు!

పెర్సిస్ కాళ్లకి ఎక్కడలేని బలం వచ్చింది. రెండో రౌండులో ఇద్దర్ని దాటింది. మూడో రౌండులో ఇంకొకరిని. నాలుగో రౌండులో తాడు అవతల నుంచి కుసుమ గొంతు చించుకుంది.

"రావే పెర్సీ! ఇంకా నలభై సెకన్లున్నాయి! రా, రా, రా!"

గీత దాటింది. పది నిమిషాల పన్నెండు సెకన్లు.

పెర్సిస్ కేక పెట్టింది. కుసుమ తాడు కింద నుంచి దూరి వచ్చి వాటేసుకుంది. ఫోనులో నెల్సన్ "దేవా, దేవా," తప్ప ఇంకో మాట అనలేకపోయాడు.

మర్నాడు తెల్లవారగానే బాదుషాల పొట్లంతో గట్టు మీదికి పరిగెత్తుకొచ్చింది.

"సార్! ప్యాసింజర్ బాబాయ్ ఏరీ? మొదటి బాదుషా ఆయనకే!"

"నిన్న సాయంత్రమే చింతలపూడి వెళ్లారు. అక్కడ ఇవాళ కొత్త బ్యాచ్."

"అయ్యో పాపం! అక్కడా ఆఖరేనా?"

పకపకా నవ్వింది. భానుప్రకాష్ నవ్వలేదు.

"గట్టు మీద నీ చివరి టైమెంత?"

"పది ఇరవై సార్."

"ఆయనది?"

"నాకు ఐదడుగుల వెన..."

ఆగిపోయింది.

పన్నెండు నలభైకి పరిగెత్తినప్పుడు ఐదడుగులు. పది ఇరవైకి పరిగెత్తినప్పుడూ ఐదడుగులే. ఆపైన రోజూ ఇంకో రౌండు.

"మరి మీరు ఆయన్ని రోజూ తిట్టేవారు కదా సార్?"

"తిట్టమని చెప్పింది ఆయనే. ఆఖర్న వచ్చి తిట్లు తిన్నవాళ్లు వారంలో మానేస్తారు. అందుకే ఆయన ఆ చోటు ఇంకొకరికి వదలరు."

పెర్సిస్ పొట్లం వైపు చూసుకుంది. తను పెట్టిన పేరు గుర్తొచ్చింది.

"మీకు ఆయన ఎలా తెలుసు సార్?"

భానుప్రకాష్ చెరువు వైపు తిరిగాడు.

"పదేళ్ల కిందట నేను నేర్చుకున్నప్పుడు కూడా, ఈ గట్టు మీద ఆఖర్న వచ్చింది ఆయనేనమ్మా."