పంపు చప్పుడు

అన్న పోయి నెలయింది. ఆయన పాత కారు కొనేవాళ్ళు తెల్లారితే వస్తారు. అదేమో స్టార్టు కాదు. ఇంజనుకి పెట్రోలు అందడం లేదని తమ్ముడి అనుమానం.

అన్నదమ్ములిద్దరూ మెకానిక్కులే. ఎప్పుడూ అన్న ముందు సీట్లో కూర్చుని తాళం తిప్పేవాడు. తమ్ముడు కారు కింద వెనక పడుకుని, ట్యాంకుకి చెవి ఆనించి, లోపల పెట్రోలు తోడే పంపు మోగుతోందా అని వినేవాడు.

ఆ రాత్రి షెడ్డు షట్టరు దించి, ఒక్కడే కారు కింద దూరాడు. చెవి ఆనించి, అలవాటు కొద్దీ అనేశాడు.

"తిప్పన్నా."

పంపు రెండు క్షణాలు సన్నగా మోగి ఆగింది.

హమ్మయ్య, పంపు బాగానే ఉంది అనుకున్నాడు. ఆ తర్వాతే చొక్కా జేబు తడుముకున్నాడు. తాళం అందులోనే ఉంది.

ముందు సీటు కిర్రుమంది.

"ఏరా, వినపడిందా? మళ్ళీ తిప్పనా?"