వట్టి నీళ్ళు

వియ్యపురాలు మొదటిసారి ఇంటికొచ్చింది. మంచినీళ్ళిద్దామని హారిక వంటింటి కుళాయి తిప్పితే పసుపు రంగు చేదునీళ్ళు పడ్డాయి.

ఇప్పుడు ఊళ్ళో ప్రతి కుళాయీ ఆ ఇంటి రోగిని బట్టి నీళ్ళలో పొడులు కలుపుతుంది. ఈ ఇంట్లో రోగి హారిక భర్త కిరీటి. ఆయన కాలేయం పాడై చాలా ఏళ్ళయింది. దురదకో పొడి, నీరసానికో పొడి, కడుపుబ్బరానికో పొడి. పప్పు ఉడికేదీ, చారు కాగేదీ ఆ నీళ్ళలోనే. ఇంతా చేసి దురద అలాగే ఉంది.

"మామూలు నీళ్ళివ్వు," అంది హారిక.

"కిరీటిగారికి దురద పెరిగింది. మోతాదు పెంచుతున్నాను," అంది కుళాయి.

"తాగేది ఆయన కాదు, చుట్టాలు."

"చుట్టాల కాలేయం వివరాలు చెప్పండి."

హారిక పళ్ళు కొరుకుతూ గ్లాసు ఒంపేసి ఎదురింటికి పరిగెత్తింది. అక్కడ పెద్దాయన షుగరుకని కుళాయిలో మెంతినీళ్ళే వస్తున్నాయి. ఖాళీ గ్లాసుతో తిరిగొచ్చేసరికి వియ్యపురాలు తన సంచిలోని సీసా తీసి తాగుతోంది.

"ఏమనుకోకండి వదినగారూ. మా ఇంట్లో ఎవరికీ జబ్బుల్లేవుగా, అక్కడే పట్టి తెచ్చుకున్నా."

హారికకు తల కొట్టేసినట్టయింది. అంతలో కిరీటి దువ్వెనతో వీపు గోక్కుంటూ వచ్చి, సీసా వంకే చూస్తూ నిలబడ్డాడు.

"అందులో ఏం కలిపారు చెల్లెమ్మగారూ?"

"ఏమీ లేదన్నయ్యగారూ, వట్టి నీళ్ళే."

ఆయన హారిక చేతిలోని గ్లాసు తీసుకుని వియ్యపురాలి ముందు చాపాడు.

"ఒక్క గుక్క పోస్తారా?"